పట్టా కంటే ముందు పుట్టిన వృత్తి

ఇంటర్ ఫలితాలు వచ్చి ఈఏపీసెట్ కౌన్సెలింగ్ దగ్గరపడే రోజుల్లో, పర్యావరణ రంగం మీద మనసుపడ్డ పిల్లల ముందు నాలుగు దారులు కనిపిస్తాయి. సివిల్‌లో చేరి ఎంటెక్‌లో ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ తీసుకోవడం మొదటిది. కెమికల్ చదివి పరిశ్రమల వ్యర్థాల వైపు వెళ్ళడం రెండోది. ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ అన్న పేరుతోనే ఉన్న బీటెక్ మూడోది. ఆ సీట్లు ధన్‌బాద్ ఐఐటీ, ఢిల్లీ టెక్నలాజికల్ యూనివర్సిటీ లాంటి కొద్దిచోట్లే ఉంటాయి. ఇంజనీరింగ్ జోలికి పోకుండా బీఎస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదవడం నాలుగోది. వీటిలో ఏది మేలన్న ప్రశ్నకు జవాబును ప్లేస్‌మెంట్ లెక్కల్లోనో, సీనియర్ల మాటల్లోనో వెతకడం మామూలు. ఈ వృత్తి చరిత్రలో వెతికితే అంతకంటే గట్టి జవాబు దొరుకుతుందని నా వాదన. నీళ్ళను శుద్ధి చేసే మనిషి, మురుగును ఊరు దాటించే మనిషి, పొగగొట్టాన్ని అదుపులో పెట్టే మనిషి ముందు పుట్టారు. వాళ్ళకిచ్చే పట్టా చాలా ఆలస్యంగా పుట్టింది. ఆ మధ్యకాలంలో ఈ రంగాన్ని నిలబెట్టినవాళ్ళను చూస్తే, ఒక మూలశాస్త్రం లోతుగా తెలిసి, పక్క శాస్త్రంతో చేతనైన పరిచయం ఉన్నవాళ్ళే ఎక్కువగా కనిపిస్తారు. చరిత్రలో చివర వచ్చిన పట్టా విద్యార్థి దారిలోనూ చివర రావడమే చాలామందికి మంచిది.

కథ లండన్‌లో మొదలుపెట్టడం న్యాయం. 1854లో సోహో ప్రాంతంలో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు మరణాలు జరిగిన ఇళ్ళను ఒక్కొక్కటే గుర్తించుకుంటూ పోయి, బ్రాడ్ వీధి చేతిపంపు నీళ్ళ మీద వేలు పెట్టాడు. ఆయన మాటను అప్పట్లో నమ్మినవాళ్ళు తక్కువ. నాలుగేళ్ళ తరువాత, 1858 వేసవిలో, థేమ్స్ నది కంపుకు పార్లమెంటు సభ్యులు కూర్చోలేక కిటికీ తెరలను బ్లీచింగ్ సున్నపు నీళ్ళలో తడిపి వేలాడదీయించారు. ఆ కంపు పుణ్యమా అని మురుగు పథకానికి కొద్దివారాల్లోనే అనుమతి వచ్చింది. దాన్ని కట్టిన జోసెఫ్ బాజల్జెట్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివినవాడు కాడు. ఒక సివిల్ ఇంజనీరు దగ్గర పని నేర్చుకుని రైల్వేల్లో రాటుదేలినవాడు. ఆయన వేసిన ప్రధాన మురుగు సొరంగాల పొడవు 130 కిలోమీటర్ల పైచిలుకు. దుర్వాసనే రోగాలకు మూలమని నమ్మిన కాలం అది. నమ్మకం తప్పైనా కాలువ వాలు సరిగ్గా ఉంది కాబట్టి ఫలితం దక్కింది. 1866లో కలరా మళ్ళీ వచ్చినప్పుడు దెబ్బతిన్నది తూర్పు లండన్. అక్కడ పథకం అప్పటికింకా పూర్తికాలేదు. అయితే సివిల్ ఇంజనీరు మురుగును ఊరి నుంచి తప్పించాడే తప్ప మురుగుగా ఉండకుండా చేయలేదు. దిగువన బార్కింగ్, క్రాస్‌నెస్ దగ్గర అది యథాతథంగా నదిలో కలిసేది. 1878లో ‘ప్రిన్సెస్ ఆలిస్’ అనే పడవ సరిగ్గా ఆ చోటే మునిగి 600 మందికి పైగా చనిపోయినప్పుడు, ఆ నీళ్ళే వాళ్ళను మరింత త్వరగా పొట్టనపెట్టుకున్నాయన్న విమర్శ చెలరేగింది. మురుగులోని సూక్ష్మజీవులను చంపడం మాని, వాటిచేతే పని చేయించుకోవాలని ఆ తరువాత వాదించినవాడు విలియం డిబ్డిన్. బాజల్జెట్ పనిచేసిన నగర బోర్డులోనే ఆయన రసాయన శాస్త్రజ్ఞుడు.

అట్లాంటిక్ అవతల మసాచుసెట్స్‌లో ఇంజనీరింగ్, రసాయన శాస్త్రం, జీవశాస్త్రం మూడూ ఒకే కప్పు కిందికి వచ్చాయి. 1887లో లారెన్స్ పట్టణంలో రాష్ట్ర ఆరోగ్య బోర్డు ఒక ప్రయోగ కేంద్రం పెట్టింది. దాన్ని నడిపించిన హైరమ్ మిల్స్ నీటి ప్రవాహాలు తెలిసిన ఇంజనీరు. సూక్ష్మజీవుల పని చూసిన విలియం సెడ్జ్‌విక్ జీవశాస్త్రజ్ఞుడు. నీటి పరీక్షల భారం మోసిన ఎలెన్ స్వాలో రిచర్డ్స్ రసాయన శాస్త్రం చదివిన మనిషి, ఎంఐటీలో అడుగుపెట్టిన తొలి మహిళ. రాష్ట్రమంతటి నుంచి తెప్పించిన వేల నీటి నమూనాల్లో క్లోరైడు కొలిచి, సముద్రం నుంచి దూరం జరిగేకొద్దీ అది సహజంగా ఎంత ఉండాలో ఆ బృందం పటం గీసింది. అంతకు మించి ఉందంటే ఆ నీళ్ళలో ఎక్కడో మురుగు కలుస్తోందని అర్థం. అదే కేంద్రంలో పనిచేసిన ఆలెన్ హేజెన్ కూడా రసాయన శాస్త్ర విద్యార్థే. ఇసుక వడపోతకు ఏ సైజు రేణువులు కావాలో తేల్చింది ఆయనే. గొట్టాల్లో నీటి ప్రవాహాన్ని లెక్కించడానికి ఇవాళ్టికీ మన సివిల్ విద్యార్థులు వాడే హేజెన్–విలియమ్స్ సూత్రంలో మొదటి పేరూ ఆయనదే. సివిల్ వాళ్ళ సొత్తనుకునే సూత్రం రసాయన శాస్త్రం చదివినవాడి చేతి నుంచి వచ్చిందన్నమాట. ఈ అనుభవం మీదే ఎంఐటీ 1889లో శానిటరీ ఇంజనీరింగ్ అనే ప్రత్యేక కోర్సు మొదలుపెట్టింది. కోర్సు స్వరూపం చూస్తే అది సివిల్ చదువుకే రసాయన, జీవశాస్త్రాలను జోడించిన ఏర్పాటు. కాలక్రమంలో అది తిరిగి సివిల్ శాఖలోనే కలిసిపోయింది.

మూడో దృశ్యం మాంచెస్టర్‌లోది. అక్కడి మురుగుశుద్ధి కేంద్రంలో ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు సీసాల్లో మురుగు నింపి, వెలుతురుకు పాచి పట్టకుండా గోధుమరంగు కాగితం చుట్టి, గాలి ఊదుతూ కూర్చున్నారు. మొదటిసారి మురుగు పూర్తిగా శుద్ధి కావడానికి ఐదు వారాలు పట్టింది. అందాకా అందరూ పారబోసే అడుగు మడ్డిని వాళ్ళు పారబోయలేదు. పైనీళ్ళు వంచేసి, అదే మడ్డి మీద కొత్త మురుగు పోసి మళ్ళీ గాలి ఊదారు. పోసినకొద్దీ మడ్డి పెరిగింది, శుద్ధికి పట్టే కాలం తరిగింది; వారాల పని చివరికి గంటల్లోకి వచ్చింది. మడ్డిలో బతుకుతున్న సూక్ష్మజీవుల గుంపే మురుగును తినేస్తోందని తేలింది. 1914లో వాళ్ళు ఈ ఫలితాన్ని ప్రకటించారు. ఆక్టివేటెడ్ స్లడ్జ్ అనే ఈ పద్ధతి లేకుండా ఇవాళ పెద్ద నగరాల మురుగుశుద్ధిని ఊహించడం కష్టం. ఈ ప్రయోగాలకు ప్రేరణ ఇచ్చిన గిల్బర్ట్ ఫౌలర్ మరి రెండేళ్ళకు, 1916లో, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు ఆచార్యుడిగా వచ్చాడు. ఆయన వచ్చింది ఇంజనీరింగ్ శాఖకు కాదు, అనువర్తిత రసాయన శాస్త్రానికి. మనదేశంలో మురుగు శాస్త్రం ప్రయోగశాల వైపు నుంచి అడుగుపెట్టిన తీరు అది.

కానీ మన దగ్గర ఇంజనీరు అనగానే గుర్తొచ్చేది ప్రయోగశాల కాదు, ఆనకట్ట. రూర్కీలో 1847లో కాలేజీ పెట్టింది గంగ కాలువ తవ్వకానికి మనుషులు కావాలని. గిండీలో సర్వే బడిగా మొదలైనది సివిల్ ఇంజనీరింగ్ కాలేజీగా ఎదిగింది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి జిల్లాల్లో ఇంజనీరు పేరుకు వచ్చిన గౌరవం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అందుకే తాగునీరు, మురుగు కూడా సహజంగానే ఆ ఇంజనీర్ల చేతిలోకే వెళ్ళాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో సుమారు 15,000 మందిని బలిగొన్నాక, నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన పుణెలో సివిల్ చదివినవాడు. వరదకు ఆయన చెప్పిన మందు ఎగువన జలాశయాలు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ సిద్ధమయ్యాయి. నగరానికి మురుగు పథకమూ కావాలని ఆయన పట్టుబట్టాడు. అంతకుముందు సింధులోని సుక్కూరులో పనిచేసినప్పుడు, వడపోత తొట్లు కట్టడానికి పురపాలక సంఘం దగ్గర డబ్బు లేకపోతే, నది ఇసుకలోనే బావి దింపి, ఇసుక గుండా ఊరిన తేటనీటిని తోడించాడు. ఇసుకకు నీటిని శుభ్రం చేసే గుణముందని తెలిసిన సివిల్ ఇంజనీరు కనుకే అది తట్టింది. కాబట్టి సివిల్ దారిని తీసిపారేసే ప్రసక్తే లేదు. ఆ దారిలో గొప్ప పని చేసినవాళ్ళు కాంక్రీటుకు అవతల కూడా చూడగలిగారన్నదే ఇక్కడ గుర్తించాల్సింది.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం ఈ రంగానికి సంస్థలు కట్టింది. పర్యావరణ పరిశుభ్రత కమిటీ 1949లో నివేదిక ఇచ్చింది. దాని సిఫార్సుల మీద 1954లో కేంద్ర ఆరోగ్యశాఖలో ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ ఏర్పడింది. నీటి సరఫరా, మురుగు పథకాలకు మన ఇంజనీర్లు ఇప్పటికీ తిరగేసే మాన్యువళ్ళు దానివే. 1958లో నాగపూర్‌లో కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ మొదలైంది. 1974లో అదే జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) అయింది. హైదరాబాద్‌లోనూ దాని ప్రాంతీయ ప్రయోగశాల ఉంది. చదువు విషయంలో అప్పటి పెద్దలు చేసిన నిర్ణయం గమనించదగ్గది. కలకత్తాలో, గిండీలో, రూర్కీలో ప్రజారోగ్య ఇంజనీరింగ్‌ను వాళ్ళు సివిల్ పట్టభద్రులకు ఆపై చదువుగా పెట్టారు. బీఈ స్థాయిలో దానికి విడిగా శాఖ తెరవాలన్న తొందర పడలేదు. 1974లో నీటి కాలుష్య చట్టం, 1981లో గాలి చట్టం, భోపాల్ దుర్ఘటన తరువాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి 1976లో ఏర్పడింది. ఈ చట్టాలకు కావలసిన మనుషులు మునుపటివాళ్ళు కాదు. నీటిపైపు వేయడం ఒక పని, ఒక కర్మాగారం ఏ గొట్టం నుంచి ఏం వదులుతోందో కనిపెట్టడం మరో పని. కెమికల్ ఇంజనీర్లకు ఈ రంగంలో తలుపు తెరుచుకున్నది అప్పుడే. ఎన్విరాన్‌మెంటల్ పేరుతో విడిగా బీటెక్‌లు కొన్నిచోట్ల పుట్టుకొచ్చినదీ చట్టాల గాలి ఇటు వీచాకే.

ఈ చదువుల్లో ఏది ఎంతవరకు పనికొచ్చిందో తెలుసుకోవడానికి తెలుగునేల మీదే ఒక పెద్ద పరీక్ష జరిగింది. 1930లలో అప్పటి నెల్లూరు జిల్లా మెట్టప్రాంతపు రైతులు తమ దుక్కిటెద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం గమనించారు. కొన్నాళ్ళకు మనుషుల్లోనూ అదే కనిపించింది. 1937లో షార్ట్, ఆయన తోటి వైద్యులు ఆ జిల్లా నుంచే మనదేశంలో ఫ్లోరోసిస్‌ను మొదటిసారి శాస్త్రీయంగా నమోదు చేశారు. మూలం బావినీళ్ళలోని ఫ్లోరైడు. నల్లగొండ జిల్లాలో ఈ జబ్బు తీవ్రతను 1955లో సిద్ధిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించాడు. ఈ నీళ్ళు చూపుకు తేటగానే ఉంటాయి, వాసన ఉండదు, మరిగిస్తే ఫ్లోరైడు పోదు సరికదా నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. క్రిముల కోసం తయారైన ఇసుక వడపోత, క్లోరిన్ రెండూ దీని ముందు వృథా. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మరో కొత్త సంగతి బయటపెట్టారు. ఫ్లోరైడు ప్రాంతాల్లో కొందరు కుర్రవాళ్ళకు మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. నాగార్జునసాగర్ జలాశయం ఊటల వల్ల ఆ చుట్టుపక్కల నేలలో, అక్కడ పండే జొన్నలో సూక్ష్మ ధాతువుల పాళ్ళు మారి ఈ వైకల్యానికి దోహదం చేసి ఉండవచ్చని ఆ సంస్థ పరిశోధకులు వాదించారు. ఆ వాదనలో సగమే నిజమనుకున్నా, ఆనకట్ట కట్టేవాడికి నేల రసాయనం తెలియాల్సిన అవసరం ఎంతో అర్థమవుతుంది.

పరిష్కారం వైపు చూస్తే మాట ఇంకా స్పష్టపడుతుంది. 1970లలో నీరి శాస్త్రజ్ఞులు రూపొందించిన పద్ధతి ప్రపంచమంతటా ‘నల్గొండ టెక్నిక్’ పేరుతోనే ప్రసిద్ధి. అందులో వాడే సరుకు ఏ కిరాణా కొట్లోనైనా దొరికేదే: పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడరు. ఇంట్లో చేసుకునే పద్ధతిలో బకెట్ నీళ్ళలో ఇవి కలిపి పది ఇరవై నిమిషాలు నిదానంగా తిప్పి, గంటసేపు కదపకుండా ఉంచుతారు. పటిక నీళ్ళలో తెల్లని తునకలుగా విచ్చి, ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దిగుతుంది. అడుగుకు కొంచెం పైన పెట్టిన కుళాయి నుంచి తేటనీళ్ళు పట్టుకోవాలి. ఊరికి సరిపడే ప్లాంటు కదిరిలో 1980లో వెలిసింది. ఇంత సులువైన పద్ధతి అన్ని ఊళ్ళలో ఎందుకు నిలదొక్కుకోలేదు? పటిక మోతాదు ఫ్లోరైడు ఒక్కదాన్ని బట్టే ఉండదు, నీటి క్షారతను బట్టి కూడా మారుతుంది. బావి మారితే మోతాదు మారాలి, ఎండాకాలానికీ వానాకాలానికీ తేడా రావాలి. లెక్క తప్పితే ఫ్లోరైడు పోకపోగా అల్యూమినియం మిగిలిపోతుంది. రోజూ అడుగున చేరే ఫ్లోరైడు మడ్డిని ఎక్కడ వేయాలన్నది మరో తలనొప్పి. తొట్టి కట్టడం వచ్చినవాడికి ఈ రసాయనం పట్టుబడలేదు. రసాయనం తెలిసినవాడికి ఆపరేటరు జీతం, కరెంటు కోత, పంచాయతీ బడ్జెట్ లెక్కలోకి రాలేదు. చివరికి నల్లగొండ ఊళ్ళకు ఎక్కువ ఊరట ఇచ్చింది కృష్ణా నీటిని గొట్టాల్లో తెచ్చిన పథకాలే. ఇటీవలి మిషన్ భగీరథ ఆ వరుసలోదే. అంటే వైద్యుడు జబ్బు పట్టాడు, రసాయన శాస్త్రజ్ఞుడు మందు చెప్పాడు, సివిల్ ఇంజనీరు దారి మళ్ళించాడు. వీళ్ళలో ఏ ఒక్కరినీ తీసేసి ఈ కథ చెప్పలేం.

రెండో పరీక్ష పటాన్‌చెరులో జరిగింది. అక్కడి మందుల కర్మాగారాల వ్యర్థజలాలను ఉమ్మడిగా శుద్ధి చేయడానికి 1990లలో ఒక కేంద్రం పెట్టారు. దాని గుండెకాయ మాంచెస్టర్ సీసాల్లో పుట్టిన సూత్రమే: సూక్ష్మజీవులు వ్యర్థాన్ని తినాలి. 2007లో స్వీడన్‌కు చెందిన లార్సన్ బృందం ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు చేరే ఆ శుద్ధి చేసిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే గరిష్ఠ మోతాదు కంటే ఇది ఎక్కువ. సూక్ష్మజీవుల మీద ఆధారపడ్డ తొట్టిలోకి సూక్ష్మజీవులను చంపడానికే తయారైన పదార్థం చేరుతోంది. చంపగా మిగిలినవి ఆ మందుకు లొంగని రకాలవుతాయి. ఈ ప్రమాదం మామూలు పరీక్షల్లో ఎందుకు కనపడలేదంటే, మురుగు కోసం తయారైన కొలతలు, అంటే బీఓడీ, సీఓడీ, కోలిఫామ్ లాంటివి, యాంటీబయాటిక్‌ను వెతకవు. ఊరి మురుగును మనసులో పెట్టుకుని రాసిన పాఠాలు కర్మాగారపు గొట్టం దగ్గర గుడ్డివైపోయాయి. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరి చిమ్మి 12 మంది చనిపోయిన ఘటన కూడా ఈ కోవలోదే. నిల్వ ట్యాంకులో వేడి పెరగడం, నిరోధక రసాయనం చాలకపోవడం అక్కడి అసలు సంగతులు. అవి రియాక్టర్లు, ఉష్ణమార్పిడి చదివిన కెమికల్ ఇంజనీరు కంటికి ముందు ఆనాల్సినవి.

ఇక అభ్యంతరాలు. వీటిలో బలమైనది ఇది: బాజల్జెట్, హేజెన్, విశ్వేశ్వరయ్య వేరే దారుల్లో వచ్చారంటే ప్రత్యేక డిగ్రీ అప్పటికి లేకపోవడం వల్లనే, దాన్నిబట్టి ఆ డిగ్రీ అక్కర్లేదనడం తర్కం కాదు. ఒప్పుకోవలసిన మాటే. అయితే నా వాదన వాళ్ళ ఘనత మీద నిలబడలేదు. సమస్య మారిపోయే తీరు మీద నిలబడింది. 1850లలో సమస్య కలరా. 1914 నాటికి మురుగులోని సేంద్రియ భారం. 1937లో ఫ్లోరైడు. 1984లో విషవాయువు. 2007లో యాంటీబయాటిక్. ప్రతి సిలబస్‌నూ కిందటి సమస్యను చూసి రాస్తారు. విద్యార్థి బతకవలసింది రాబోయే సమస్యతో. నలభై ఏళ్ళ ఉద్యోగ జీవితంలో కనీసం రెండు మూడుసార్లు సమస్య మారుతుంది. అలా మారినా చేతిలో మిగిలేవి ద్రవ్యరాశి లెక్క, ప్రవాహ సూత్రాలు, చర్యల వేగం, సూక్ష్మజీవుల నడత. వీటిని లోతుగా నేర్పేది ఏ డిగ్రీ అయితే అదే మేలైన డిగ్రీ.

ఇంకో అభ్యంతరం: విషయం ఇప్పుడు బాగా పెరిగింది, సివిల్‌లో ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ అంటే ఒకటి రెండు పేపర్లు, ఒక ల్యాబ్, అంతటితో ఏం వస్తుంది? ఇదీ నిజమే. దీనికి తోడు అన్ని డిగ్రీల్లో తప్పనిసరి చేసిన ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ పేపరు వల్ల, పర్యావరణం అంటే పరీక్ష ముందురోజు బట్టీపట్టే వ్యాసమన్న అభిప్రాయం పిల్లల్లో పాతుకుపోయింది. రెండు పేపర్లతో సరిపెట్టుకున్న సివిల్ పట్టభద్రుడు పటాన్‌చెరులో తేలిపోతాడు. కానీ పేరున్న ప్రత్యేక డిగ్రీ దానంతటదే ఈ లోటు తీర్చదు. కొన్ని సిలబస్‌లలో చట్టాలు, ప్రభావ అంచనా నివేదికలు, జీవవైవిధ్యం, వాతావరణ మార్పు, వ్యర్థాల నిర్వహణ అంటూ ఇరవై విషయాలు తలా కాస్త తగులుతాయి. ఫ్లూయిడ్ మెకానిక్స్, థర్మోడైనమిక్స్ మాత్రం పలచబడిపోతాయి. అలాంటి చదువుతో నివేదిక రాయగలరు, ప్లాంటు డిజైన్ చేయలేరు. ప్రవాహశాస్త్రం, రియాక్టర్ల సిద్ధాంతం, మైక్రోబయాలజీ ల్యాబ్ మూడూ గట్టిగా ఉన్న ప్రత్యేక బీటెక్ దొరికితే దాన్ని వదులుకోమనడం మూర్ఖత్వమే. అది దొరకడం అరుదు కాబట్టే దాన్ని మినహాయింపుగా చూడమంటున్నాను.

ఉద్యోగాల సంగతి కూడా దాటవేయలేం. మున్సిపల్, గ్రామీణ నీటి సరఫరా విభాగాల ఇంజనీరు పోస్టులకు ప్రధానంగా అడిగేది సివిల్ పట్టా. కాలుష్య నియంత్రణ మండళ్ళలో సివిల్‌తో పాటు కెమికల్, ఎన్విరాన్‌మెంటల్ వాళ్ళకూ చోటుంటుంది. ఫార్మా, రిఫైనరీ, ఎరువుల కర్మాగారాలు వ్యర్థాల విభాగానికి కెమికల్ వాళ్ళనే ముందు చూస్తాయి. 2021 నుంచి గేట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్ పేరుతో విడి పేపరు వచ్చింది. దాని వల్ల ఏ శాఖ నుంచైనా ఎంటెక్ వైపు మళ్ళడం సులువైంది. అమెరికా వెళ్ళేవాళ్ళ విషయంలోనూ ఇంతే: అక్కడ చాలా విశ్వవిద్యాలయాల్లో శాఖ పేరే ‘సివిల్ అండ్ ఎన్విరాన్‌మెంటల్’. సివిల్, కెమికల్ పట్టభద్రులను ఎంఎస్‌లో నేరుగా తీసుకుంటారు. బీఎస్సీ వాళ్ళు సాధారణంగా ముందు గణితం, ప్రవాహశాస్త్రం కోర్సులు పూర్తిచేసుకోవాలి. దీన్నిబట్టి బీఎస్సీ తక్కువదని కాదు. నీటి, గాలి నమూనాల విశ్లేషణ, పరిశోధన, విధాన రచన మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు అదే సరైన ఇల్లు; ఎలెన్ రిచర్డ్స్ వారసులు వాళ్ళే. ప్లాంటు కట్టి నడపాలనుకునేవాళ్ళకు మాత్రం అది చుట్టుదారి.

కాబట్టి తీర్పు ఇలా చెప్పవచ్చు. ఊళ్ళు, నదులు, తాగునీరు, వరద, మురుగు మీ మనసులో ఉంటే సివిల్ తీసుకోండి. దొరికిన ప్రతి ఎలెక్టివ్‌నూ నీటి రసాయనం, మైక్రోబయాలజీ మీద ఖర్చుపెట్టండి. కర్మాగారాలు, పొగ, మందుల వ్యర్థాలు, ప్రమాదాల నివారణ అయితే కెమికల్ తీసుకోండి. హైడ్రాలజీ, పబ్లిక్ హెల్త్ పక్కచూపుతోనైనా నేర్చుకోండి. ప్రత్యేక బీటెక్ సీటు వస్తే కాలేజీ పేరు చూసి మురిసిపోకుండా నాలుగేళ్ళ సిలబస్ డౌన్‌లోడ్ చేసుకుని పైన చెప్పిన మూడు విషయాలు ఉన్నాయో లేదో వెతకండి. ఉంటే నిశ్చింతగా చేరండి. ఎన్విరాన్‌మెంటల్ అన్న పేరును ఎంటెక్ దాకా ఆగి సంపాదించుకుంటే పోయేదేమీ లేదు. మన విశ్వవిద్యాలయాలకు కూడా ఒక మాట చెప్పాలి. సివిల్ విద్యార్థి కెమికల్ శాఖ ల్యాబ్‌లో అడుగుపెట్టడానికి, కెమికల్ విద్యార్థి హైడ్రాలిక్స్ క్లాసులో కూర్చోవడానికి అడ్డుపడే నిబంధనలు తీసేయండి. 1887లో లారెన్స్ లాంటి చిన్న మిల్లు పట్టణంలో ఇంజనీరు, రసాయన శాస్త్రజ్ఞుడు, జీవశాస్త్రజ్ఞుడు ఒకే బల్ల దగ్గర కూర్చోగలిగారు. ఒకే క్యాంపస్‌లో పక్కపక్క భవనాల్లో ఉన్న మన శాఖలు ఆ పని చేయలేకపోవడానికి ఇంకా సాకులు చెప్పే కాలం కాదు.